బొట్టు పెట్టిన ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి గానీ, ఒకప్పుడు కోనసీమలోని మా ఊళ్ళో నేను పడనిదే చాలా ఇళ్ళకు పునాది పడేది కాదు. చూడ్డానికి పెద్ద ఆర్భాటమేమీ ఉండదు. బొటనవేలంత కర్ర పిడి, దాని అడుగున గుండ్రటి రబ్బరు ముఖం. ఆ ముఖం మీద అక్షరాలన్నీ తిరగేసి ఉంటాయి కాబట్టి కాగితం మీద ఒత్తితే తప్ప నేనేమిటో ఎవరికీ అర్థం కాదు. ఒత్తారా, నదురూ బెదురూ లేకుండా చెబుతాను: గుత్తుల హైమావతి, బి.ఇ., లైసెన్సు పొందిన ఇంజినీరు, గృహ నిర్మాణాలు.

నన్ను తయారుచేసింది కాకినాడలో కోర్టు ఎదురుగా చిన్న బడ్డీ పెట్టుకున్న రహంతుల్లా గారు. ఒక్కో సీసపు అక్షరాన్నీ చిన్న పటకారుతో పట్టుకుని తిరగేసి పేర్చి, దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులో రబ్బరు పెట్టి వేడి చేసి నొక్కాడు. ఆ వేడి ఇప్పటికీ గుర్తుంది. తర్వాత రంపంతో అంచులు గుండ్రంగా కోసి, పిడికి అతికించి, ఊదారంగు సిరాలో ముంచి తెల్లకాగితం మీద ఒత్తి చూసుకున్నాడు. అద్దాలు పైకి తోసి ఎదురుగా నిలబడిన అమ్మాయిని ఎగాదిగా చూశాడు.

"ఆడపిల్ల పేరు మీద ఇంజినీరు ముద్ర చెయ్యడం నాకిదే మొదలమ్మా. ఒక్క మాట గుర్తు పెట్టుకో. ముద్రా, కట్టుడు పళ్ళూ ఎరువిచ్చేవి కావు" అన్నాడు.

హైమావతి నవ్వి నన్ను చేతిసంచిలో వేసుకుంది. నవ్వింది గానీ ఆ మాట మరిచిపోలేదు.

నేను ఆమె చేతికి ఊరికే రాలేదు. కాలేజీ పట్టా ఒకటే చాలదన్నారు. పేరున్న ఇంజినీరు దగ్గర ఎండలో నిలబడి పని నేర్చుకున్నట్టు ఆయన రాసిచ్చిన కాగితం కావాలి. తాను ముద్ర వేసిన ఇంటికి తానే పూచీ అని నోటరీ ఎదుట సంతకం చెయ్యాలి. అవన్నీ మునిసిపాలిటీలో ఇచ్చి, పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాక గానీ లైసెన్సు చేతికి రాలేదు. వచ్చిన లైసెన్సు కూడా చిరకాలం ఉండదు, గడువు తీరగానే మళ్ళీ వెళ్ళి తిరగరాయించుకోవాలి. ఇదంతా ఎందుకని మా ఊళ్ళో చాలామందికి విసుగు. మనుషులు చిత్రమైనవాళ్ళు. క్షవరం చేయించుకోవాలంటే నలుగుర్ని వాకబు చేస్తారు. పిల్లాపాపలతో పడుకునే ఇంటిని మాత్రం, "మా బావమరిదికి సిమెంటు కొట్టుంది, వాడికన్నీ తెలుసు" అని అప్పజెప్పేస్తారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు మార్చి చూడు అనడం మరిచిపోయినట్టున్నారు. కొత్త ఇంటికి అనుమతి కావాలని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఉన్న ఇంటి మీద మేడ వేసినా, లోపల గోడ పడగొట్టినా లైసెన్సున్నవాళ్ళు చూసి ముద్ర వెయ్యాలంటే, "నా గోడ నేను తీసుకుంటే మీకేంటండీ" అంటారు. పిల్లర్లకూ గోడలకూ వాళ్ళ పట్టాలు తెలియవు పాపం, వాటికి బరువొక్కటే తెలుసు.

ఇక మొహమాటం సంగతి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మీకు తెలిసిన సామెతే, నా నోటితో చెప్పను. మా ఊళ్ళో కొందరు ఇంజినీర్లు మొహమాటపడి తమ ముద్రల్ని ప్లాన్లు గీసే కొట్లలోనే వదిలేసేవారు. నా తోటి ముద్రలు అక్కడ పగలంతా టపటపా పడుతుండేవి. ఏ ఇంటికి పడుతున్నాయో వాటికీ తెలియదు, వాటి యజమానులకూ తెలియదు. హైమావతి దగ్గరికీ వచ్చేవారు. "ఒక్క ముద్రేనండి మేడమ్, మీరు రానక్కర్లేదు, ఎండగా ఉంది" అనేవారు. ఆవిడ లూనా తీసేది. వెళ్ళి గోడ మీద వేలితో కొట్టి చూసేది, పునాది గోతిలోకి దిగి మట్టి పిసికి చూసేది, నచ్చితే సీటు మీద ప్లాను పరిచి అక్కడే నన్ను ఒత్తేది. నచ్చకపోతే నేను సంచిలోంచి బయటికే వచ్చేవాణ్ణి కాదు. ఆ సంచిలో మజ్జిగన్నం డబ్బా పక్కన, కొలత టేపు మీద పడుకుని ఊరంతా తిరిగాను. ఇంత దర్జాగా బతికిన ముద్ర మా జిల్లాలో మరొకటి ఉండదని నా నమ్మకం.

ఏడాదికి ఒక్కసారి మాత్రం ఆమె నన్ను విడిచి ఉండేది. అది దసరాల్లో, ఆయుధపూజ నాడు.

ఆ పూజ ఆమె మేనమామ కడలి వీరభద్రం గారింట్లో. ఇనప గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే వర్కుషాపు ఆయనది. వర్కుషాపు వెనకే ఇల్లు. తండ్రి పోయాక హైమావతి పెరిగింది ఆ ఇంట్లోనే. పలక మీద ఆమె చేత పేరు దిద్దించింది ఆయనే. ఆమె సంతకంలో 'హై' మీద వంపు ఆయన చెయ్యి తిరిగినట్టే తిరుగుతుందని వాళ్ళింట్లో అందరూ అనేవారు. నవమి రోజు సుత్తులు, పట్టుకార్లు, వెల్డింగు రాడ్లు అన్నీ తుడిచి హాల్లో పీట మీద పేర్చేవారు. చిన్నప్పుడు ఆ వరసలో హైమావతి జామెట్రీ బాక్సు ఉండేది. నేను పుట్టాక దాని చోటు నాకు దక్కింది. పూజలో పెట్టిన పనిముట్టును దశమి తెల్లవారేదాకా ఎవరూ ముట్టుకోకూడదని వీరభద్రం గారి నియమం. ఎవరైనా వర్కుషాపుకు వచ్చి ఆ రోజు అత్యవసరంగా గేటు అడిగినా ఆయన చేసేవాడు కాదు.

పూజ చేసేది ఆయన భార్య మంగతాయారు. ఆవిడకో పద్ధతుంది. సుత్తికి పిడి మీద బొట్టు పెట్టేది, నాకు మాత్రం తలకిందులుగా తిప్పి సరిగ్గా అక్షరాల మీద పెట్టేది. "ముఖం ఉండగా వీపుకి పెడతారా ఎవరన్నా" అనేది. పసుపు పూసి, తడి కుంకుమ అద్దేది. అది అక్షరాల సందుల్లోకి దిగి ఎండిపోయేది. మర్నాడు హైమావతి నన్ను ఇంటికి తీసుకెళ్ళి పాత టూత్‌బ్రష్‌తో నింపాదిగా తోమి కడిగేది. లేకపోతే ముద్ర ఎర్రగా పడుతుందని ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడు వీరభద్రం గారికి అన్నీ ఎదురు తిరిగాయి. నిచ్చెన మీంచి పడి కాలు విరిగింది. రెండు పెద్ద ఇళ్ళ గేట్ల బేరం చేజారింది. ఎవరో వాస్తు పండితుణ్ణి తీసుకొచ్చారు. ఆయన హాల్లోకి అడుగుపెట్టి, నడిమధ్యన ఉన్న స్తంభాన్ని చూసి తల పట్టుకున్నాడు. బ్రహ్మస్థానంలో స్తంభం ఉంటే ఇంటి యజమాని గుండెల మీద స్తంభం ఉన్నట్టేనన్నాడు. ఆ మాట వీరభద్రం గారి మనసులో నాటుకుపోయింది. నలభై ఏళ్ళ వయసులో ఆ ఇల్లు ఇంజినీరు లేకుండా తన తెలివితోనే కట్టుకున్నాడు. ఆ స్తంభం పెట్టిందీ ఆయనే. ఇప్పుడది తీసేసి, ఎలాగూ పని పెట్టుకున్నాం కదా అని పైన రెండు గదులు కూడా వేద్దామనుకున్నాడు. ప్లాను గీయించి మేనకోడలి ఇంటికి పట్టుకొచ్చాడు.

హైమావతి ప్లాను చూసింది. మావయ్య కోసం ఫిల్టరు కాఫీ కలిపి తెచ్చింది. ఆయన తాగేదాకా ఆగి చెప్పింది.

"పైగదులు వేసుకుందాం మావయ్యా. పునాది తవ్వి చూసి, చాలకపోతే గట్టి చేయించి, నేనే దగ్గరుండి వేయిస్తాను. స్తంభం మాత్రం తియ్యకూడదు. నీ నాలుగు దూలాలూ దాని మీదే ఆనుకున్నాయి."

"దానికి బదులు ఇనప గర్డరు వేస్తానే. ఇనుం సంగతి నాకు తెలీదా? ముప్పయ్యేళ్ళ నుంచి ఇనుంతోనే బతుకుతన్నాను."

"గర్డరు మోస్తుంది మావయ్యా. ఆ గర్డరుని మోసే గోడేది? నీ గోడలు మట్టితో కట్టినవి. కింద చూస్తే మన నేల మెత్తన."

వీరభద్రం గారు ప్లాను చుట్టేసుకున్నాడు. "నా ఇంట్లో పెరిగి, నా వరండాలో చదువుకున్నావు. నాకొక్క ముద్ర వెయ్యలేవా" అన్నాడు.

ఆయన కుంటుకుంటూ వెళ్ళిపోయాక హైమావతి గ్లాసు కడుగుతూ ఏడ్చింది. ఊళ్ళో వాళ్ళకు వద్దని చెప్పడం ఒక ఎత్తు, పెంచిన చేతికి వద్దని చెప్పడం ఇంకో ఎత్తు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఇంట గెలవడానికి ఇంత ఖరీదుంటుందని ఎవరూ చెప్పలేదు.

అయినా దసరాకు వెళ్ళింది. పూజ మానేస్తే అత్త బాధపడుతుందని నన్ను తీసుకెళ్ళి పీట మీద పెట్టింది. మంగతాయారు ఎప్పటిలాగే నా ముఖానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. పులిహోర, బూరెలు తిన్నారు. హైమావతి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుంటే వీరభద్రం గారు ఒక్కడూ హాల్లోకి వచ్చాడు. చాలాసేపు పీట ముందు నిలబడ్డాడు. ఆయన చెయ్యి ఒకసారి ముందుకొచ్చి వెనక్కి వెళ్ళింది. రెండోసారి వెళ్ళలేదు.

భుజం మీది తువ్వాలుతో నా ముఖం తుడిచాడు. పై పసుపు పోయింది. లోపలి కుంకుమ ఎక్కడికీ పోలేదు, తువ్వాలుకు లొంగే సరుకు కాదది. బిల్లుల మీద వేసే తన సిరా పెట్టెలో నన్ను అద్ది ప్లాను మీద ఒత్తాడు. పక్కన సంతకం కూడా చేశాడు. ఆ 'హై' మీద వంపు అచ్చం ఆమెదే. నేర్పింది ఆయనే కదా. నన్ను మళ్ళీ తుడిచి, పసుపు పూసి, యథాస్థానంలో పెట్టాడు.

ఆ కాగితం మీద నేను పడటానికి నాకు ఇష్టం లేదు. కానీ ముద్రకు కాళ్ళుండవు. చేతనైంది చేశాను. ఊదారంగు మధ్యలో ఎర్రగా కుంకుమ బొట్లను అలాగే దించేశాను. ఆ తెలివి నాది కాదు, మంగతాయారుది అని మీరనవచ్చు. సరే, సగం సగం పంచుకుంటాం.

వీరభద్రం గారు ప్లానును మునిసిపాలిటీలో ఇచ్చి, అనుమతి రాకుండానే పనికి ముహూర్తం పెట్టించాడు. కాగితం ఇచ్చాక అనుమతి వచ్చేసినట్టే అనుకోవడం మా ఊళ్ళో రివాజు. ఆ ముహూర్తం రోజు పొద్దున్నే హైమావతి వేరే ఇంటి పని మీద ఆఫీసుకు వెళ్ళింది. ప్లానింగ్ సెక్షనులో కరుణాకర్ గారని ఒక గుమాస్తా ఉండేవాడు. ఆమెను చూసి నవ్వాడు.

"ఏంటండీ మేడమ్, ముద్రకి కూడా బొట్టు పెట్టేసి పంపించారు" అంటూ ఫైలు తిప్పి చూపించాడు.

హైమావతి వంగి చూసింది. గుండ్రటి నా ముద్ర, మధ్యలో కుంకుమ బొట్లు, అంచున పసుపు మరక. పక్కన తన సంతకం. పైన మావయ్య ఇంటి ప్లాను, నడిమధ్యన స్తంభం లేకుండా. ఆమె వేళ్ళు సంచి మీద బిగుసుకోవడం లోపలున్న నాకు తెలిసింది. కరుణాకర్ గారి దగ్గర ఒక తెల్లకాగితం అడిగింది. నిలబడే రాసింది. ఈ ప్లానును తాను చూసి ఆమోదించలేదని, తన ముద్ర ఒక రోజు తన అధీనంలో లేదని, అందుకు తానే బాధ్యురాలినని రాసి సంతకం పెట్టింది.

కరుణాకర్ గారు చదివి నవ్వు మానేశాడు. "మేడమ్, ఇది ఇస్తే మీ లైసెన్సు ఆపేస్తారండి. ఎవరేశారో రాస్తే మీ మీదకి రాదు కదండీ."

"తెలుసండి. తీసుకోండి" అని లూనా ఎక్కింది.

మేము వీరభద్రం గారింటికి వెళ్ళేసరికి గుమ్మం ముందు మామిడాకుల తోరణం, హాల్లో దూలాల కింద ఆసరాగా నిలబెట్టిన సరుగుడు బాదులు. స్తంభానికి పసుపు రాసి ఉంది. కొబ్బరికాయ కొట్టేశారు. పోతురాజు మేస్త్రి సమ్మెట ఎత్తబోతున్నాడు. వీరభద్రం గారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మంగతాయారు హారతి పళ్ళెం పట్టుకుని ఉంది. హైమావతి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి మేస్త్రికీ స్తంభానికీ మధ్య నిలబడింది.

"ఎవరి పూచీ మీద కొడతన్నావు పోతురాజూ?"

"అదేంటండీ, మీ పూచీ మీదేనండి. మీరు ముద్రేశారంట కదండీ. ముద్రుంటే ఇంక మాకు బయమేటండి" అన్నాడు మేస్త్రి, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఇంత బరువున్న ఇల్లు హైమావతి పేరు మీద నిలబడి ఉందని ఆ మనిషి నమ్మాడు. ఆమె సంచిలోంచి నన్ను తీసి స్తంభం మొదట్లో నేల మీద పెట్టింది.

"ఇదిగో నా ముద్ర. నేను వెయ్యలేదు. అత్తా, ఆ కాగితం మీద నువ్వు పెట్టిన బొట్టు కూడా పడింది."

మంగతాయారు పళ్ళెం కింద పెట్టింది. అర్థం కావడానికి ఆవిడకు ఎక్కువసేపు పట్టలేదు. భర్త వైపు తిరిగింది.

"పూజలో ఉన్న దాన్ని ముట్టుకోకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పేది మీరే కదండీ" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే ఆయనకు తేలికగా ఉండేది.

"నా ఇల్లు. నా గ్రహచారం బాగాలేదు. నేనెవరి కోసం చేశాను" అని వీరభద్రం గారు మొదలుపెట్టాడు.

"ఆఫీసులో రాసిచ్చి వచ్చాను మావయ్యా. కాగితం వెనక్కి తీసేస్తారు" అంది హైమావతి.

"నీ లైసెన్సో?"

"కొన్నాళ్ళు ఆపుతారు."

"నా పేరు రాశావా?"

"లేదు."

ఆయన కుర్చీలోంచి లేవబోయి, కాలు సహకరించక స్తంభం పట్టుకున్నాడు. మేనకోడలి మొహం చూడలేకపోయాడు, స్తంభాన్నే చూశాడు. చివరికి, "సామాను సద్దెయ్ పోతురాజూ" అన్నాడు. మేస్త్రి సమ్మెట భుజాన వేసుకుని, "మంచిదేనండి" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు.

విచారణ జరిగింది. లైసెన్సు ఏడాదిపాటు ఆపారు. నా సంగతి కూడా తేల్చేశారు. కరుణాకర్ గారి బల్ల మీద, ఆయన చూస్తుండగా, హైమావతి బ్లేడుతో నా ముఖం మీద అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టింది. నొప్పి సంగతి అడగకండి. ఆమె చెయ్యి వణకలేదు, అందుకు నాకు గర్వంగానే ఉంది. ఆ ఏడాదంతా తన పాత గురువు దగ్గర మళ్ళీ ఎండలో నిలబడి పనిచేసింది. ఒక్క ముద్రేనండి అనేవాళ్ళు ఆమె వీధి మొహం చూడలేదు. వీరభద్రం గారూ రాలేదు.

మళ్ళీ దసరా వచ్చింది. లైసెన్సు తిరిగొచ్చింది, కొత్త ముద్ర వచ్చింది. నేను మేకులూ రబ్బరు బ్యాండ్లూ ఉన్న డబ్బాలో పడి ఉన్నాను. నవమి పొద్దున్నే తలుపు చప్పుడైంది. వీరభద్రం గారు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"పూజకి నీ ముద్ర కావాలమ్మాయ్" అన్నాడు.

ఇవ్వనంటే ఆయన మళ్ళీ ఈ గడప తొక్కడు. ఇస్తే, పోయిన ఏడాదంతా ఏమైనట్టు? హైమావతి చెయ్యి సంచి మీదకు వెళ్ళి ఆగిపోయింది.

"అది కాదు" అన్నాడాయన వెంటనే. "కొత్తది నీ దగ్గరే ఉండాల. ఎవరడిగినా ఇవ్వకు, నేనడిగినా ఇవ్వకు. ఆ కోసేసింది ఉంది కదా, అదియ్యి."

ఆమె డబ్బాలో వెతికి నన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది. చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి తీసుకోలేదు, ఆయనా వదల్లేదు.

అప్పటి నుంచి నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను. తర్వాత పైగదులు కూడా లేచాయి, హైమావతి పునాది గట్టి చేయించి, కొత్త ముద్ర వేసి, దగ్గరుండి వేయించింది. నా తర్వాత వచ్చిన ఆ ముద్ర కూడా ఇప్పుడు ఖాళీగానే ఉందట. అంతా కంప్యూటర్లో అయిపోతోందని, వేలెడంత పుల్ల ఒకటి గుచ్చితే సంతకం పడిపోతుందని విన్నాను. దాన్ని కూడా ఎరువివ్వకూడదని ఎవరైనా చెప్పారో లేదో. ప్రతి నవమికీ నన్ను హాల్లో పీట మీద పెడతారు. మంగతాయారు ముందు స్తంభానికి బొట్టు పెడుతుంది, తర్వాతే సుత్తులకు, గాట్లు పడ్డ నా ముఖానికి.

మిగతా రోజుల్లో వీరభద్రం గారు ఆ స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతాడు. గేట్ల బేరానికి వచ్చిన కొత్తవాళ్ళు చుట్టూ చూసి, "హాలు బాగుందండీ, నడిమధ్యన ఈ అడ్డమేంటి" అంటారు.

"అడ్డం కాదండి, అది మా మేనకోడలు" అంటాడాయన, గ్లాసు దించకుండానే.

వాళ్ళకేమీ అర్థం కాదు. నా ముఖం ఎప్పుడో పోయింది, అయినా ఆ మాట మీద మాత్రం ఇప్పటికీ ముద్ర వేస్తాను.